హిట్టు బండికి నేను రాసిన మెత్తటి రిపోర్టు

2023 వేసవి. ఫిల్మ్ నగర్‌లో నేను వర్క్‌షాప్ పెట్టి అప్పటికి పదకొండేళ్లు. రిపేర్లతో పాటు, సెకండ్ హ్యాండ్ కార్లు కొనేవాళ్ల తరఫున బండి పరీక్షించి రిపోర్టు రాసిస్తుంటాను. దీన్ని ప్రీ-పర్చేజ్ ఇన్‌స్పెక్షన్ అంటారు. పెళ్లికి ముందు అవతలివాళ్ల గురించి వాకబు చేయడం లాంటిదే. ఇక్కడ చాలామంది మనసులో తాళి కట్టేశాకే వాకబుకి వస్తారు.

మూర్తి గారూ అలాగే వచ్చారు. పద్నాలుగేళ్లు కో-డైరెక్టర్‌గా పనిచేసి, మొదటి సినిమా కోసం నిర్మాతల చుట్టూ తిరుగుతున్న మనిషి. ఒక పేరున్న డైరెక్టర్ అమ్మకానికి పెట్టిన ఏడేళ్ల నాటి విదేశీ ఎస్‌యూవీ మీద మోజుపడ్డారు. దాని వారంటీ ఏనాడో అయిపోయింది.

"బండి సంగతి నాకు తెలుసండీ. మీరు ఊరికే ఒకసారి చూసి ఓకే అనండి," అన్నారు.

ఓకే అనడానికి నేనెందుకు? పూజారి చాలడా?

జూబ్లీ హిల్స్‌లో ఆ డైరెక్టర్ ఇంటికి వెళ్లాం. నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని బ్రోకర్ యాదగిరికి ముందురోజే ఫోన్ చేసి మరీ చెప్పాను. చల్లారిన ఇంజిన్‌ని మొదటిసారి తిప్పినప్పుడే దాని రోగాలు బయటపడతాయి. కోల్డ్ స్టార్ట్ అంటాం. తీరా బానెట్ మీద చెయ్యి పెడితే పెనంలా కాలుతోంది.

"జర కడిగి, ఓ చక్కర్ కొట్టి తెచ్చిన సార్. ఏమైతది?" అన్నాడు యాదగిరి.

ఒళ్లు మండింది. స్కానర్ తగిలించాను. బండిలోని కంప్యూటర్ రాసిపెట్టుకున్న తప్పుల చిట్టాని చదివే పరికరం అది. చిట్టా ఖాళీ! ఏడేళ్ల బండిలో ఒక్క తప్పూ లేదంటే, ఎవరో ఈమధ్యే తుడిచేశారన్నమాట. పట్టుబట్టి రెండు గంటలు బండిని ఆపి ఉంచాను. ముందు కుడివైపు రెండు వేళ్ల మందం కిందికి దిగింది. ఇలాంటి బండ్లు స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద నిలబడతాయి. ఆ ఎయిర్ సస్పెన్షన్ లీకవుతోంది. ఇంజిన్ కింద ఆయిల్ చెమ్మ సరేసరి.

"ఇది ఏనుగు మూర్తి గారూ. కొనడం ఒకెత్తు, మేపడం ఒకెత్తు," అన్నాను.

యాదగిరి అడ్డొచ్చాడు. "గట్లంటరేంది సార్? గీ బండిల కూసొని విన్న కథలన్నీ ఆడినయ్. వరసగ మూడు హిట్లు!"

మూర్తి గారి మొహం వెలిగిపోయింది. హిట్టిచ్చిన బండికి లీకులుండవు కాబోలు! నన్ను పక్కకి తీసుకెళ్లి గొంతు తగ్గించారు.

"డబ్బు మా ఆవిడదండీ. వెంగళరావు నగర్‌లో అద్దెకుంటున్నాం. సొంత ఫ్లాట్ కోసం ఏళ్ల తరబడి దాచుకుంది. మీ రిపోర్టు చూసి చెప్తానంది. కాస్త మెత్తగా రాయండి. ఆటోలో దిగినవాడి కథ ఎవరు వింటారు చెప్పండి?"

కుదరదని చెప్పాల్సింది. పద్నాలుగేళ్లు పరాయి సినిమాలకి చాకిరీ చేసిన మనిషని జాలిపడ్డాను. అబద్ధం రాయలేదు. 'ముందు కుడివైపు సస్పెన్షన్‌పై శ్రద్ధ అవసరం కావచ్చు. ఆయిల్ సీళ్లను గమనిస్తూ ఉండడం మంచిది.' ఇలా ఒక పేజీ నింపి సంతకం పెట్టాను. అన్నీ నిజాలే, ఒక్కటీ చదివినవాళ్లకి తగలదు.

బండి కొన్నారు, నిమ్మకాయలు తొక్కించారు. ఐదోవారం ఒక నిర్మాత ఇంటికి కథ చెప్పడానికి వెళ్లారు. మూడు గంటలు కథ విని, సాగనంపడానికి ఆ నిర్మాత బయటికొచ్చేసరికి బండి ఆయన గేటుకి అడ్డంగా ఒకవైపు కూలబడి ఉందట. ఎంత తంటాలు పడ్డా లేవలేదు. "చూద్దాం" అన్నారట ఆయన. ఫిల్మ్ నగర్‌లో ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. బండి రికవరీ వ్యాన్ మీద నా దగ్గరికే వచ్చింది.

మర్నాడు మూర్తి గారి భార్య సుజాత గారు వచ్చారు. స్కూల్లో టీచర్. చేతిలో నా రిపోర్టు ఉంది. ఆయన సెంటిమెంట్ల మీద దంచడానికి ఒక ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. ఆవిడ ఆ అవకాశం ఇవ్వలేదు.

"నాకు కార్ల గురించి ఏమీ తెలీదండీ. అందుకే మీ కాగితాన్ని నమ్మాను. మీ డబ్బైతే ఈ బండి కొనేవారా?"

"లేదమ్మా."

"ఆ మాట ఇందులో ఎక్కడ రాశారో చూపించండి."

కాగితం నా ముందు పెట్టారు. పేజీ మొత్తం మళ్లీ చదివాను. ఆ మాట ఎక్కడా లేదు. ఇన్నాళ్లూ యాదగిరినీ, మూర్తి గారినీ తిట్టుకున్నాను. బ్రోకర్ అమ్మాలనుకున్నాడు, ఈయన కొనాలనుకున్నారు. వద్దని చెప్పడానికి డబ్బు పుచ్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పట్నుంచి నా రిపోర్టులో మొదటి వాక్యం, పెద్ద అక్షరాల్లో, 'నా డబ్బైతే కొంటాను' అనో 'కొనను' అనో ఉంటుంది. వివరాలు ఆ తర్వాతే. బ్రోకర్లకి నేనంటే గిట్టదు. సుజాత గారు ఇంకా ఆ అద్దె ఇంట్లోనే ఉన్నారు.