రాబిగ్ మడుగులో కొట్టుకుపోయిన అంగి

మొండయ్యది మెట్‌పల్లి దగ్గరి ఊరు. చెరువులో వల విసిరి పెరిగినవాడు సౌదీలో సముద్రం ఒడ్డున ఉన్న రాబిగ్‌కు వచ్చి తాపీ పట్టాడు. ఊరి నుంచి తెచ్చుకున్న వల క్యాంపులో మంచం కింద మూడేళ్లు పడి ఉంది. 1991 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం జగిత్యాల డ్రైవర్ ఇస్మాయిల్ అతణ్ని రాబిగ్ బయటి ఉప్పునీటి మడుగుకు తీసుకుపోయాడు. నేలలోకి చొచ్చుకొచ్చిన చిన్న సముద్రపు పాయ అది. అంచున మడచెట్లు, వేళ్ల మధ్య పీతలు, నీళ్లలో కొంగలు.

కువైట్ కోసం యుద్ధం ఎక్కడో తూర్పున జరుగుతున్నా తనిఖీలు ఇక్కడా ఎక్కువయ్యాయి. దేశంలో ఉండనిచ్చే అకామా పుస్తకం జేబులో లేకపోతే నేరుగా జైలే.

మొండయ్య చెరువు దగ్గర చేసినట్టే అంగి విప్పి, నీళ్ల అంచున మడిచిపెట్టి దిగాడు. మొదటి చేపను గంగమ్మకని వదిలేశాడు. సంచి నిండాక వెనక్కి తిరిగితే ఒడ్డు చాలా దూరం జరిగిపోయింది. అంగి లేదు.

"ఇస్మాయిల్ భాయ్, నా అంగి గీడనే పెట్టిన."

"నీళ్ల మొకాన పెట్టినవా? ఇది మీ ఊరి చెరువానే, మొండన్నా? సముద్రం. పోటొస్తది."

"అకామా అండ్లనే ఉన్నది."

ఇస్మాయిల్ నవ్వు ఆగింది. "తోవల పోలీసులున్నరు గదనే," అన్నాడు.

ఇద్దరూ ఒడ్డంతా వెతికారు. అప్పుడు మొండయ్య చూశాడు, కొంగలన్నీ మడచెట్ల చివర ఒక్కచోటే గుమిగూడి ఉన్నాయి. ఊళ్లోనూ అంతే. గాలి చెత్తను ఏ మూలకు నెడితే చిన్న చేపలు అక్కడ చేరతాయి, వాటి కోసం కొంగలు. అటు నడిచాడు. నురగ, ప్లాస్టిక్ సీసాలు, రాలిన ఆకులు. వాటి మధ్య వేరుకు చిక్కుకొని నీలం అంగి, దాని మీద ఒక పీత. జేబుకు భార్య లస్మవ్వ కుట్టిన గుండీ ఊడలేదు. అకామా ఉబ్బింది కానీ ఫొటో పోలేదు.

మొండయ్య ఆ నీళ్లలోనే కూలబడి నవ్వాడు.

"పీతకు గూడ అకామా కావాలట," అన్నాడు ఇస్మాయిల్.

తనిఖీ దగ్గర పోలీసు తడి పుస్తకాన్ని రెండు వేళ్లతో తెరిచి, ముక్కు చిట్లించి, పొమ్మన్నాడు.

యుద్ధం ముగిశాక కూడా మొండయ్య చాలా శుక్రవారాలు అక్కడ వల వేశాడు. అంగి మాత్రం బండిలో పెట్టి, తాళం చెవి మెడలో వేసుకొని నీళ్లలోకి దిగేవాడు. ఇస్మాయిల్ బండి కదలాలంటే మొండయ్య ఒడ్డుకు రావాల్సిందే.