మిట్టమధ్యాహ్నం బజారు దాటిన పెద్దమ్మ

పక్కింటి పెద్దమ్మ పోయింది. మంగళవారం మా ఆయన మేం ఇదివరకు కాపురమున్న ఊరి నుంచి వస్తూనే, చెప్పులైనా విడవకుండా గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పారు. నాలుగు రోజుల జ్వరమట. కబురు మాకు అందేసరికే అన్నీ అయిపోయాయి. విజయనగరం వచ్చి మూడేళ్ళయింది, ఈ మూడేళ్ళలో ఆవిడని చూడ్డానికి రెండుసార్లే వెళ్ళాను. ఆఖరి చూపు దక్కలేదు. రెండు రోజులు ఏడుస్తూనే ఉన్నాను.

గురువారం నాటికి ఏడుపు పోయి ఒళ్ళు మండింది. ఆ ఊరి పంచాయతీ బోర్డువారు ఆవిడ మీద సంతాప తీర్మానం చేశారు. దాని నకలు ఎవరో మా ఆయనకి పంపితే చదివాను. "కీర్తిశేషురాలు మృదుభాషిణి. స్త్రీజనులకు కొన్ని సౌకర్యములు కలుగజేయుటలో బోర్డువారికి మిక్కిలి సహకరించిరి" అని ఉంది అందులో. మృదుభాషిణి! ఆవిడ నోరు విప్పితే బజారు చివర బండి ఎడ్లు ఆగిపోయేవి. ఇక సహకారం మాటంటారా, ఆవిడ బతికుండగా వీళ్ళలో ఒక్కరూ ఆవిడకి ఎదురుపడడానికి ఇష్టపడేవారు కాదు. వీధి మలుపులో ఆవిడ తెల్లటి పొందూరు చీర కనిపిస్తే మెంబర్లు సందులోకి తిరిగిపోయేవారు.

ఆ "కొన్ని సౌకర్యములు" ఏమిటో తీర్మానంలో లేదు. అది రాయడానికి బోర్డువారికి నోరు రాలేదు. ఒకప్పుడు నాకూ రాలేదు. అందుకే నేనిప్పుడు రాస్తున్నాను.

యుద్ధం రోజుల్లో నేను ఆ ఊరు కాపురానికి వెళ్ళాను. మా ఆయనకి అక్కడి బోర్డు స్కూల్లో ఉద్యోగం. మా ఇంటికి ఆనుకునే పెద్దమ్మ ఇల్లు, ఇంటి ముందు చావిడిలో చింతపండు, బెల్లం, పప్పులు అమ్మే చిన్న కొట్టు. భర్త ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. పక్క వీధిలో పెద్ద మేడలో ఉండే మరిది గోగునార వర్తకుడు, నెల్లిమర్ల జూటు మిల్లుకి సరుకు తోలేవాడు. ఆయన బోర్డు మెంబరు కూడా. వదిన కొట్టు పెట్టుకోవడం ఆయనకి నామోషీ. నీ సొమ్ము ఎవడిక్కావాలని ఆవిడా ఆ మేడ గడప తొక్కేది కాదు.

పెద్దమ్మకి నడివయసులో చదువొచ్చింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, గట్టిగా చదివేది. బోర్డు ఆఫీసు గోడ మీద ఏ కాగితం అంటించినా వెళ్ళి దాని ముందు నిలబడి, వేలు పెట్టి ఆఖరి ముక్కదాకా చదివి గానీ కదిలేది కాదు. అటు పోయేవాళ్ళు ఆగి వినేవారు. టముకు వేసేవాడు మా వీధిలోకి వస్తే అతన్ని కొట్టు ముందు ఆపి, చిన్న బెల్లం ముక్క చేతిలో పెట్టి, "మళ్ళీ సెప్పు బాబూ, నెమ్మదిగా సెప్పు. నీ డబ్బా మోతే గానీ మాటేటీ తెలీలేదు" అనేది. పాపం అతను డప్పు చంకన పెట్టుకుని మొదటినుంచీ మళ్ళీ చెప్పేవాడు.

మా వీధుల వెనక ఒక జీడితోపు ఉండేది. చుట్టూ మొగలి పొదలు. లెక్కల్లో అది బోర్డువారి పోరంబోకు. మాకు మాత్రం, ఆ నాలుగు వీధుల ఆడవాళ్ళందరికీ, దొడ్డికి వెళ్ళడానికి ఉన్న చోటు అదొక్కటే. తెల్లారకుండా ఒకసారి, దీపాలు పెట్టే వేళకి ఒకసారి. నడుమ ఏ అవసరమూ రాకూడదు. కాపురానికి వెళ్ళిన రెండో రోజున మా అత్తగారు నాకు నేర్పిన మొదటి పద్ధతి, అన్నం తిన్నాక పొద్దుగూకేదాకా మంచినీళ్ళు తాగకపోవడం. వైశాఖమాసం ఎండలో కూడా అంతే. ఏ ఇంట్లో చూసినా ఆడవాళ్ళ పెదవులు పగిలి ఉండేవి. ఎవరూ దాన్ని కష్టమని అనుకోలేదు, అది ఆడపుట్టుకలో ఒక భాగమనే అనుకున్నాం. నేనూ అనుకున్నాను, ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఒకనాడు టముకు వేశారు. తోపు స్థలాన్ని గిడ్డంగి కట్టుకోవడానికి వేలం వేస్తారట, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో బోర్డువారికి రాసి ఇవ్వాలట. గిడ్డంగి ఎవరిదో అడగక్కర్లేదు, ఊళ్ళో గోగునార అంతా పెద్దమ్మ మరిదిదే. మగవాళ్ళకి అభ్యంతరం ఏముంటుంది? వాళ్ళు పగలైనా చెరువుగట్టుకి పోతారు. ఆడవాళ్ళందరూ పెద్దమ్మ కొట్టు దగ్గర చేరారు. ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని కదా అని అర్జీ రాసే పని నాకు అప్పజెప్పారు.

రాశాను. సర్కారు పద్ధతిలో, మంచి దస్తూరీతో, "సదరు స్థలము పోయినచో స్త్రీలకు కొన్ని ఇబ్బందులు కలుగును" అని రాశాను. ఆ ఇబ్బంది పేరు రాయబోతే కలం కదల్లేదు. ఆ కాగితం ప్రెసిడెంటు గారు చదువుతారు, గుమస్తా చదువుతాడు, రేపు మా ఆయన స్కూల్లో తలెత్తుకోవాలి కదా అనుకున్నాను. ముప్పైమంది వేలిముద్రలు వేశారు. పది రోజులకి గోడ మీద జవాబు అంటించారు. పెద్దమ్మే వేలు పెట్టి చదివింది. "ఇబ్బంది ఏదియో అర్జీలో వివరింపబడలేదు గనుక తోసివేయడమైనది."

ఏదియో తెలియదట! పెళ్ళాలు, తల్లులు, కూతుళ్ళు రోజూ చీకట్లో చెంబు పట్టుకుని ఎక్కడికి పోతున్నారో ఆ పన్నెండుమంది పెద్దమనుషులకి తెలియదట. ఇన్నేళ్ళయినా ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా నాకు గుర్తుంది. అందులో నా తప్పు కూడా ఉందని తెలుసు కాబట్టి మరీ గుర్తుంది.

అప్పటికి నాకు నాలుగో నెల. రెండుసార్లు చలిజ్వరం వచ్చింది, పొత్తికడుపులో మంట. కాంపౌండరు నీళ్ళు బాగా తాగమని, బార్లీ కాచుకోమని చెప్పాడు. సరేనని తలూపి వచ్చాను. మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ గ్లాసెడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆవిడ అటు తిరగ్గానే పెరట్లో అరటిమొక్క మొదట్లో పారబోశాను. చూడదనుకున్నాను. చూసింది.

"ఏటే పిల్లా, నా మజ్జిగ పులిసిపోనాదేటి?"

"లేదు పెద్దమ్మా."

"మరేటి? దాహం లేదా?"

ఆవిడ నా పగిలిన పెదాలకేసి చూసి, పెరటిగట్టు మీద చతికిలబడి, "తాగితే ఎల్లాలి వస్తాదని భయమా?" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ నన్ను ఓదార్చలేదు. "కడుపుతో ఉన్న పిల్ల మంచినీళ్ళకి భయపడతన్నాది. ఇదేటి ఊరు!" అంటూ లేచి వెళ్ళిపోయింది.

ఆ వారమే బోర్డు సమావేశం. పెద్దమ్మ ఆ మెట్లు ఎక్కింది. అంతకు ముందు ఆ మెట్లెక్కిన ఆడమనిషి లేదు. మేం నలుగురం కిటికీ పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాం. ప్రెసిడెంటు గారు ఏమిటమ్మా అన్నారు.

"అర్జీలో ఇబ్బందేటో రాయలేదని తోసీసినారు గదా. అది రాసిన పిల్ల సదువుకున్నాది, దానికి సిగ్గు. నాకు సదువూ అంతంతే, సిగ్గూ అంతంతే. నేను సెప్తాను. మేము దొడ్డికి ఎల్లీది ఆ తోపులోకే. అక్కడ మీరు గిడ్డంగి కడితే మేమెక్కడికెల్లాలి?"

పన్నెండుమందీ దూలాలు లెక్కపెడుతున్నారు. గుమస్తా కలం ఆపేశాడు. "రాయి బాబూ, రాయి. రాయకపోతే రేపు మళ్ళీ అదేటో తెలీదంటారు" అంది పెద్దమ్మ అతనితో. రాయవద్దని ప్రెసిడెంటు గారు చేత్తో సైగ చేశారు. అప్పుడు మరిది లేచాడు.

"వదినా, ఇంటికి నడు. మన పరువు బజార్న పెట్టేస్తన్నావు."

"నీ ఇంటామె సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు ఎందుకు ముట్టదో ఎప్పుడైనా అడిగినావేటి? అడుగు. అడిగొచ్చి అప్పుడు సెప్పు పరువు మాట."

ఆయన ముఖం కందిపోయింది. కూర్చున్నాడు.

వేలం మాత్రం ఆగలేదు. పాట అప్పటికే ఖాయమైపోయిందట. తోపు చుట్టూ ముళ్ళకంచె పడింది. నా అయిదో నెల, ఆరో నెల ఏటిగట్టు దాకా నడవడంతోనే గడిచాయి, రానూపోనూ మైలు పైన. యుద్ధం వల్ల సిమెంటు దొరకదని ఊరికి నూతి గట్టు కూడా కట్టని బోర్డు, గిడ్డంగి పునాదులకి పర్మిటు ఇప్పించడానికి వారం తీసుకోలేదు. ఇది నేను ఎవరో చెప్పగా విన్నది కాదు, ఆ సిమెంటు బస్తాల బండి మా గుమ్మం ముందునుంచే వెళ్ళింది.

అయితే పెద్దమ్మ అన్న మాట ఊరంతా పాకింది. ఇక తప్పదని స్త్రీల కోసం మరుగుదొడ్డి కట్టిస్తామని తీర్మానించారు. పెద్దమ్మ మళ్ళీ మెట్లెక్కి, "లోతుగా గొయ్యి తవ్వించండి. మా మలినం రోజూ తట్టకెత్తి ఇంకో ఆడదాని నెత్తి మీద పెట్టొద్దు" అని చెప్పొచ్చింది. ఆ ఒక్క మాట విన్నారు, గొయ్యి ఖర్చు తక్కువ కాబట్టి. ఎక్కడ కట్టారంటారా? నడిబజార్లో, బోర్డు ఆఫీసు పక్కన, కాఫీ హోటలుకి సరిగ్గా ఎదురుగా. తలుపులు రోడ్డు వైపు. ముందు గోడ లేదు, తడిక లేదు. పైనుంచి ఏ అధికారి వచ్చినా కారు దిగకుండానే కనిపించాలని అలా కట్టారని తర్వాత తెలిసింది. మెంబర్ల పేర్లు చెక్కిన రాయి మాత్రం గోడకి పెట్టారు.

హోటలు ముందు రోడ్డు వారగా బెంచీలు, బెంచీల నిండా మగవాళ్ళు. ఏ ఆడది వెళ్తుంది? నెలరోజులు ఒక్కరూ వెళ్ళలేదు. నెల తిరగ్గానే గోడ మీద ఇంకో కాగితం. స్త్రీలు వినియోగించుకొనుట లేదు గనుక, అభ్యంతరములు లేనిచో, ఆ కట్టడాన్ని వీధిదీపాల సామాను పెట్టుకోవడానికి వాడుకుంటారట. "అడిగారు, కట్టాం, వాడలేదు. మేమేం చెయ్యగలం?" అని మరిది హోటల్లో కూర్చుని అందరికీ చెబుతున్నాడని విన్నాం.

నేను మళ్ళీ కలం తీశాను. ఈసారి అన్నీ విడమర్చి రాస్తానన్నాను. పెద్దమ్మ వద్దంది. "నువ్వు రాస్తే గుమస్తా మూల పడేస్తాడు. మనిషిని పడీలేడు గదా."

మర్నాడు సరిగ్గా పన్నెండు గంటలకి ఆవిడ కొట్టు తలుపు దగ్గరగా వేసి, ఇత్తడి చెంబు నిండా నీళ్ళు తీసుకుని బజార్లోకి నడిచింది. రోడ్డు వారగా కాదు, నడిమధ్య. హోటలు ముందుకి వచ్చేసరికి ఎవడో దగ్గాడు, ఇంకెవడో నవ్వాడు. ఆవిడ ఆగింది.

"ఒరే, నవ్వినోడా, ఇలగ సూడు. దొడ్డికే ఎల్తన్నాను. మీ యమ్మకీ ఇదే అవసరం. నవ్వొస్తే ఇంటికెల్లి ఆవిడ ఎదర నవ్వు."

లోపలికి వెళ్ళింది. వచ్చింది. అంతే నెమ్మదిగా తిరిగి వచ్చి కొట్టు తెరుచుకుంది. రెండో రోజూ వెళ్ళింది. మూడో రోజూ వెళ్ళింది. సాయంత్రం మా ఇంటికి వచ్చి, నాతో వీధి తలుపు వేయించి, ముఖం మీద కొంగు కప్పుకుని కూర్చుంది. సిగ్గు అంతంతే అని బోర్డు ముందు అన్నది అబద్ధం. ఆవిడకీ మా అందరికీ ఉన్నంత సిగ్గు ఉంది. ఆ సిగ్గుతోనే నడిచింది, అరవయ్యేళ్ళ మనిషి, ఒక్కర్తీ, మా కోసం. సంతాప తీర్మానంలో ఉండాల్సిన మాట అది.

నాలుగో రోజు నేనూ చెంబు తీసుకున్నాను. మా అత్తగారు గుమ్మంలో అడ్డు నిలబడి, నా ముఖం చూసి పక్కకి తప్పుకున్నారు. నాకప్పుడు ఏడో నెల. పెద్దమ్మ ముందు, వెనక నేను. మా వెనక ఇంకా ఎవరెవరో తలుపులు తీస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది గానీ, తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. బజారు మలుపులో పక్క సందులోంచి ఒకావిడ వచ్చి మాలో కలిసింది. జరీచీర, చేతిలో వెండి చెంబు, వంచిన తల. పెద్దమ్మ తోడికోడలు, మేడలో ఆవిడ.

హోటలు ముందు బెంచీ మీద ఆవిడ భర్త కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. చూశాడు. గ్లాసు కింద పెట్టాడు. నవ్వడానికని నోరు తెరిచిన పక్కవాడు అలాగే ఉండిపోయాడు. మరిది లేచి నిలబడి, బెంచీ మీది వాళ్ళని లేపి, దాని కొస పట్టుకుని గోడవైపుకి తిప్పి, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఒకరొకరే మిగతా వాళ్ళూ లేచారు. బెంచీలు రోడ్డు మీద గీరుకుంటున్న చప్పుడు. మండుటెండలో బజారంతా మగవాళ్ళ వీపులు, నడిరోడ్డు మీద వరసగా మేము. నాకు ఆయాసం వస్తోందని ముందు నడుస్తున్న పెద్దమ్మ అడుగు ఇంకా నెమ్మదిగా వేసింది. మేము దాటేదాకా ఒక్క వీపూ ఇటు తిరగలేదు.