తెల్లగుడ్డ మీద ఎర్ర మనిషి

ఆ రోజుల్లో మా బళ్లారి వైపు మనుషుల్లో తెల్లగా మిగిలినవి పళ్లూ కళ్లే (సాయంత్రానికి కళ్లు కూడా కాదు). ఇనుప గనుల ఎర్రదుమ్ము జోరు అలా ఉండేది. యశ్వంతనగర్‌లో లారీల నంబర్లు రాసే గుమాస్తాగా చేరిన ఏడాదికే నా చొక్కాలు, చెప్పులు, చివరికి తాగే టీ కూడా ఎర్రబడ్డాయి. పైగా దగ్గు పట్టుకుంది. పది రోజులు సెలవు పెట్టి ఇంటికి పొమ్మని, సత్యనారాయణపేటలో మా వీధికి దగ్గర్లోనే రిటైరైన డ్రిల్లు మాస్టరు నేర్పే యోగాకు వెళ్లమని డాక్టరు చెప్పాడు. ఇరవై రెండేళ్ల నాకు దగ్గు కన్నా ఆ యోగా మాటే ఎక్కువ దడ పుట్టించింది.

ఎందుకంటే మాది తాతల నాటి నుంచి మిషన్ చర్చి కుటుంబం. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డను నెలనెలా ఉతికి, నీలిమందు పెట్టి ఇస్త్రీ చేసే పని నాన్నమ్మ తర్వాత అమ్మకు వచ్చింది. సంఘంలో అమ్మ పరువంతా ఆ గుడ్డలోనే ఉండేది. అలాంటి ఇంటి కొడుకు సూర్యుడికి దండాలు పెడుతున్నాడని తెలిస్తే ఇంకేమన్నా ఉందా? వాకింగ్ అని అబద్ధం చెప్పి బయలుదేరేవాణ్ణి. ప్రతి ఆసనానికీ ముందు, "ప్రభువా, ఇది దగ్గు కోసమే" అని లోలోపల సంజాయిషీ ఇచ్చుకునేవాణ్ణి. అందరూ ఓం అంటుంటే నేను పెదాలు మాత్రం కదిలించేవాణ్ణి. (మోకాళ్ల మీద కూర్చునే ఆసనం ఒక్కటే ధైర్యంగా వేశాను. అది మాకు చిన్నప్పటి అలవాటే.)

మూడో రోజు మాస్టరు, "రేపు ఒక తెల్ల దుప్పటి తెచ్చుకోప్పా, బరీ నేలమీద, ఏమీ పరవకుండా శవాసనం వద్దు" అన్నాడు. మర్నాడు శనివారం. అమ్మ లేస్తుందని లైటు వేయకుండా, పెట్టె మీద చేతికి తగిలిన తెల్లటి మడత చంకన పెట్టుకుని పిల్లిలా జారుకున్నాను. వేసవి ఉక్కకు ఒళ్లంతా చెమట. "ఉసిరు బిడప్పా, నిధానం. శవానికి భయం యాడుంటాది?" అన్నాడు మాస్టరు. ఊపిరి వదిలాను. నిజంగానే ఏడాదిలో మొదటిసారి భయం లేకుండా పడుకున్నాను.

లేచి చూస్తే నేను ఇంకా అక్కడే పడుకుని ఉన్నాను. తల, భుజాలు, వీపు, చాచిన చేతులు, మడమలు, అన్నీ గుడ్డ మీద ఎర్రగా దిగాయి. ఆ ఎర్ర మనిషి కాళ్ల దగ్గర, గుడ్డ మూలన, అమ్మ నీలం దారంతో కుట్టిన చిన్న సిలువ ఉంది. మర్నాడే ప్రభువు బల్ల. కుళాయి కింద రుద్దితే ఎరుపు పోకపోగా చుట్టూ పాకింది. తడి గుడ్డను చొక్కాలో కుక్కుకుని పరుగెత్తుతుంటే చర్చి గంట కొట్టే తాత ఎదురయ్యాడు.

"ఏమప్పా, పొద్దున్నే యాడికి పోయొస్తాండావు? కడుపేంది అట్లుండాది?"

"గ్యాసు తాతా," అన్నాను. తాత నా చొక్కా కింద నుంచి కారుతున్న ఎర్రనీళ్లు చూసి, ఇంకేమీ అడగకుండా నా కోసం కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయన కళ్లు తెరిచేలోపు మాయమయ్యాను.

ఇంట్లో అమ్మ గుడ్డ కోసం పెట్టెలన్నీ బోర్లించి కూర్చుంది. గుడ్డ చేతికిచ్చి అంతా చెప్పేశాను. "ఓం అనలేదమ్మా, ఉత్త నోరు కదిలించినా, అంతే." అమ్మ వినలేదు. గుడ్డను మంచం మీద పరిచి, వీపు ముద్ర మీద చెయ్యి పెట్టింది.

"నీళ్లు పోసుకోనే పోయినావు గదా?"

"పోసుకున్నానమ్మా. సబ్బుతో రుద్దినా."

"రుద్దినా ఇంత మన్ను ఉండాదంటే, లోపల ఎంత ఉండాదో నాయనా."

నేను తిట్లకు సిద్ధపడి వచ్చాను. ఆ మాటకు సిద్ధపడలేదు. అంతవరకూ పడిన భయాలన్నీ ఒట్టివేననీ, అసలు భయం ఇదేననీ అప్పుడు తెలిసింది.

ఆదివారం బల్ల మీద అమ్మ పెళ్లినాటి తెల్లచీర మడత పరిచారు. సోమవారం ఐదింటికే అమ్మ నన్ను తట్టి లేపింది. ఉతికిన ఆ పాత గుడ్డ చేతిలో పెట్టి, "బల్లకు ఇంక పనికిరాదు. దీనిమీదే పడుకో. ఎర్ర తగ్గేదాకా యోగాకు పో" అంది. నేను రాగానే గుడ్డను వాకిట్లో వెలుతురుకు పట్టి చూసేది. సెలవు అయిపోయినా నన్ను గనికి పోనివ్వలేదు.

ఇప్పుడు నాకు నీలం రబ్బరు చాప ఉంది, ఓం కూడా గట్టిగానే అంటాను. కానీ శవాసనం నుంచి లేవగానే చాపను వెలుతురుకు పట్టి చూస్తాను. పక్కవాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. చాప మీద ఏమీ ఉండదు. ఉండదని తెలిసీ, అమ్మ బదులు నేను చూస్తాను.