ఈదమ్మ వద్దన్న వేడి

2022 చలికాలం. యర్రగొండపాలెం దాటాక, నల్లమల అంచున ఉన్న ఒక వెల్‌నెస్ రిట్రీట్‌లో నేను నర్సుని. 'వేడినీటి ఊట' అని బోర్డు. ఊట నీళ్ళు గోరువెచ్చనే, మిగతా వేడంతా బాయిలర్‌ది. ఈ మాట వచ్చినోళ్ళ ముందే అంటానని మేనేజర్‌కి నామీద గుర్రు. నాకు నోరెక్కువ, కాదనను.

ఆ రోజు మార్కాపురం నుంచి కిరాణా దుకాణం సుబ్బయ్యగారు వచ్చినారు. ఇరవై ఏళ్ళ షుగరు, మోకాళ్ళ నొప్పులు. బీపీ చూసినాను, షుగరు చూసినాను. మేజోళ్ళు విప్పించి పాదాలు మాత్రం చూడలేదు.

తొట్టిలో కాళ్ళు పెట్టగానే ఆయన మొదలుపెట్టినారు. ఇంత దూరం వచ్చింది చన్నీళ్ళకా అని. అప్పటికే పొద్దుటినుంచి ముగ్గురితో వాదించి ఉన్నాను. తొట్లు నింపే ఈదమ్మని వేడినీళ్ళ కుళాయి ఇంకా తిప్పమన్నాను. పక్క చెంచుగూడెం మనిషి. థర్మామీటర్ పగిలి రెండురోజులైంది, వేడి చూసేది ఆమె చేత్తోనే. ముంచిన చెయ్యి చటుక్కున తీసింది.

"కాలుతుండాయక్కా. ఇంక తిప్పొద్దు."

"కూర్చునేది ఆయన. ఆయనకి తెలియని వేడి నీకు తెలుస్తదా? తిప్పు."

తిప్పింది. సుబ్బయ్యగారు ఇప్పుడు హాయిగా ఉందన్నారు. ఇరవై నిమిషాలు కూర్చున్నారు. తర్వాత పాదాలు తుడుస్తుంటే తువ్వాలుకి చర్మం అంటుకొని వచ్చింది. ఆయన నా మొహం చూసి, "ఏందమ్మా, ఏమైంది?" అన్నారు. ఆయనకేమీ తెలియలేదు.

షుగరు ముదిరితే పాదాల నరాలు మొద్దుబారతాయి. న్యూరోపతి అంటారు. నిప్పు తొక్కినా తెలియదు. నర్సింగ్‌లో నేను చదివిందే, పరీక్షలో రాసిందే.

పుండు మానలేదు. నెలన్నరకి కుడిపాదం తీసేసినారు. నేను చూసేదానికి పోతే ఆసుపత్రి మంచం మీదినుంచి, "పెంచమన్నది నేనే కదమ్మా, నువ్వేం చేస్తావు" అన్నారు. జీవితంలో మొదటిసారి నా తరఫున ఒకరు వాదిస్తుంటే, కాదని చెప్పే నోరు రాలేదు.

ఇప్పుడు షుగరు ఉన్నోళ్ళని కళ్ళు మూసుకోమని, పాదానికి దూది తాకించి, తెలిసిందా అని అడుగుతాను. తెలియకపోతే ఎంత అరిచినా నీళ్ళలోకి దించను. కొత్త థర్మామీటర్ వచ్చింది. అయినా ముందు ఈదమ్మనే అడుగుతాను, ఎట్ల ఉన్నాయి నీళ్ళు అని.

ఆమె చెయ్యి ముంచుతుంది, తీసి కొంగుకి తుడుచుకుంటుంది. "నువ్వే చూడక్కా" అంటుంది. మూడేళ్ళుగా అదే మాట.