బంతి ఇవ్వందే కదలను

ఈ ఉదయం షెడ్డు తలుపు తియ్యగానే అవిసె నూనె వాసన గుప్పుమంది. ఇంగ్లండులోని స్విండన్‌లో మా ఏప్రిల్ ఆదివారాలకు అదే వాసన: అమ్మ నాకు నువ్వుల నూనె పట్టించి తలంటు పోసేలోగా నాన్న నా బ్యాటుకు అవిసె నూనె రాసి గోడకు ఆనించేవాడు, వంటింట్లో పులిహోర తాలింపు చిటపటలాడుతుంటే ముగ్గురం కిటికీలోంచి వాన ఎప్పుడు ఆగుతుందా అని చూసేవాళ్లం.

గుంటూరు నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికొచ్చిన నాన్నకు క్రికెట్ అంటే ప్రాణం, గొడవంటే భయం. అమ్మకు ఓవరంటే ఎన్ని బంతులో తెలియదు, తగ్గడమంటే అసలే తెలియదు. వేసవిలో రాత్రి తొమ్మిదైనా చీకటిపడేది కాదు, ఫ్లాట్ల వెనక సందులో నాన్నకు నేను లెగ్‌స్పిన్ వేస్తుంటే, బంతి పక్కింటి గోడకు తగిలినప్పుడల్లా నాన్న వాళ్లకు సారీ చెప్పేవాడు, అమ్మ "గోడకేం నొప్పా?" అనేది.

నాకు పదమూడేళ్లప్పుడు కౌంటీ, అంటే మా జిల్లా, అమ్మాయిల జట్టుకు ఎంపిక మ్యాచ్ జరిగింది. నేను బౌలర్నని చెప్పినా నన్ను బౌండరీ దగ్గర తడిగడ్డిలో నిలబెట్టి మరిచిపోయారు. మిగతావాళ్లంతా వేశారు, కొందరు రెండోసారీ వేశారు. చివరి ఓవరుకు కూడా కోచ్ ఇంకో అమ్మాయిని పిలిచేసరికి నాకు ఒళ్లు మండింది. తిన్నగా వెళ్లి బౌలరు నిలబడేచోట నిలబడి చెయ్యి చాచాను.

"వచ్చెయ్ తల్లీ, గొడవెందుకు?" నాన్న తల వంచుకున్నాడు.

"ఇచ్చేదాకా కదలమాకే!" అమ్మ కేక మైదానమంతా వినిపించింది.

కోచ్‌కు తెలుగు రాదు కానీ ఆ గొంతు అర్థమైంది. బంతి ఇచ్చాడు. మొదటిది ఫోర్ పోయింది. రెండోది గిర్రున తిరిగి వికెట్లను పడగొట్టింది.

నన్ను జట్టులోకి తీసుకున్నారు, చదువైపోయేదాకా ప్రతి వేసవీ కౌంటీకి ఆడాను. నా ఫొటో ఏ పేపర్లోనూ రాలేదు. రాకపోతే పోయింది, ఆడింది నేనే.

ఇప్పుడా మైదానంలో ఇళ్లు లేచాయి. మేమాడిన సందుకు గేటు పెట్టారు. అమ్మా లేదు. మొన్నో పుట్టినరోజు పార్టీలో ఒక అంకుల్ "కౌంటీ దగ్గరే ఆగిపోయావా, పాపం!" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా నాన్న చేతిలో ప్లేటు బల్లమీద పెట్టేశాడు.

"పాపమెందుకండీ? నా కూతురు కౌంటీకి ఆడింది. మీరు మీ వీధి దాటి ఆడారా?"

నాన్న జీవితంలో పెట్టుకున్న మొదటి గొడవ అది. నేను ఆపలేదు.