డాక్టరమ్మకు చెప్పని సిగం

ఇంట్లో ఇంకెవరికైనా మనసు జబ్బు ఉందా అని డాక్టరమ్మ హిందీలో అడిగితే లేదన్నాను. అబద్ధం ఆడుతున్నానని నాకే తెలియదు. పక్క కుర్చీలో నా బిడ్డ తల వంచుకుని కూర్చుంది. ఇరవై రెండేళ్ల పిల్ల. రెండు నెలలుగా పనికి పోవడం మానేసి, తల దువ్వుకోవడం కూడా మానేసి, గోడవైపు తిరిగి పడుకునేది. ఎంతో బతిమాలితే గానీ దవాఖానాకు రాలేదు. దిగులు తగ్గడానికి డాక్టరమ్మ మాత్రలు రాసింది. ఆ చీటీని పోచమ్మ పటం ముందు పెట్టి మొక్కాను.

మూడు వారాలకు పిల్ల లేచింది. తిన్నది, నవ్వింది. మొక్కు ఫలించిందనుకున్నాను. ఆ తర్వాత నిద్ర మానేసింది. ఒక పొద్దున చూస్తే, మా చాల్ మేడ రెండో అంతస్తు గ్యాలరీలో, వరసగా అందరి ఒంటిగది ఖోలీల గడపలూ కడుగుతోంది. ఆపమంటే ఆగదు, మాట మీద మాట. టీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ గడపలనే, ఆ చివరి నుంచే కడిగిన మనిషిని చిన్నప్పుడు చూశాను. మా అమ్మ.

మా అమ్మకు సిగం వచ్చేది. పోచమ్మ ఒంటి మీదికి వచ్చి పలకడాన్ని మావాళ్లు అలా అంటారు. బోనాలప్పుడు డప్పు మోగితే చాలామంది ఆడవాళ్లకు వస్తుంది, కాసేపు ఊగాక పసుపు నీళ్లు పోస్తే దిగుతుంది. అమ్మకు మాత్రం డప్పు లేకపోయినా వచ్చేది, వారాల తరబడి ఉండేది. నిద్ర ఉండేది కాదు. ఇంట్లో గిన్నెలు పంచిపెట్టేది. తర్వాత నెలల కొద్దీ గోడవైపు తిరిగి పడుకునేది. అమ్మవారిని మోసిన ఒళ్లు కదా, అలిసిందని అనుకునేవాళ్లం. ఆమె తమ్ముడు, మా మేనమామ, ఎవరికీ వినబడని గొంతులతో మాట్లాడేవాడు. అతనికి గాలి సోకిందన్నారు. అమ్మది వరం, మామది పీడ. రెండూ ఒక ఇంటివేనని ఎవరికీ తోచలేదు.

నన్ను బడికి పంపలేదు. అమ్మే, ఆ నిద్రలేని రోజుల్లో, గ్యాలరీ బండల మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించింది. ఇది రాస్తున్న చెయ్యి ఆ రోజుల చలవే. అందుకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఎదురు ఖోలీ పెద్దమ్మ వచ్చి పిల్ల నుదుటికి పసుపు రాసింది.

"అచ్చం మీ అమ్మనే. అమ్మవారు మన్మరాలి మీదికొచ్చింది. ఇగ ఆ గోలీలు బంద్ చెయ్, యాప మండలు తే."

వెనక ఇద్దరు ఆడవాళ్లు తమ ఇంటి సంగతులు అడగడానికి చేతులు జోడించి నిలబడ్డారు. వాళ్లది చెడు మనసు కాదు. అమ్మ ముందూ ఇలాగే నిలబడేవారు, ఆమె పడుకున్న నెలల్లో మాకు అన్నం పెట్టిందీ వాళ్లే. నేనూ వేపమండలకు కదిలాను. పిల్ల నా కొంగు పట్టుకుంది. నోరు గలగలమంటూనే ఉంది గానీ కళ్లు బెదిరిపోయాయి.

"అమ్మా, నాకు నిద్ర కావాలె," అన్నది.

మా అమ్మ కూడా ఎప్పుడైనా అడిగిందేమో. మేం వినలేదేమో.

ఆ రోజే మళ్లీ దవాఖానాకు పోయాం. అమ్మ సంగతి, మామ సంగతి, గడపల సంగతి, నాకొచ్చిన హిందీలో చెప్పాను. అంతసేపూ అడ్డం పడుతున్న పిల్ల ఒక్కచోట ఆగింది.

"నాకొస్తే జబ్బు, అమ్మమ్మకొస్తే అమ్మవారా?"

మొదటిసారి ఇదంతా చెప్పనందుకు డాక్టరమ్మ కోప్పడలేదు. ముందే తెలిసి ఉంటే వేరే మందు ఇచ్చేదాన్నంది. ఇలాంటి ఇంటి పిల్లకు దిగులు మాత్ర ఒక్కటే ఇస్తే ఒక్కోసారి మనసు మరీ పైకి ఎగిసిపోతుందట. అమ్మకున్నదీ మామకున్నదీ వేరు జబ్బులైనా, వేళ్లు చాలావరకు కలిసే ఉంటాయట. రక్తంలో వచ్చేది జబ్బు కాదు, జబ్బు త్వరగా పట్టే గుణం.

మా తాతలు వలసొచ్చి ఈ ఊళ్లో గోడలు కట్టిన కూలీలు. గోడ సంగతి నాకు తెలుసు. మా చాల్‌లో అన్ని ఖోలీల వెనకా ఒకటే గోడ. వానాకాలం ఒక ఖోలీలో సున్నం రాలుతుంది, ఒక ఖోలీలో మరక పడుతుంది, చాలా ఖోలీల్లో ఏమీ కాదు.

"నాకు పిల్లలు పుడితే?" అని అడిగింది బిడ్డ. ఇలాంటి తల్లుల పిల్లల్లో ఎక్కువమందికి రాదని, ముందే చెప్పే రక్తపరీక్ష మాత్రం లేదని డాక్టరమ్మ చెప్పింది. మరి మా అమ్మ మీదికి పోచమ్మ రానే లేదా అని నేను అడిగాను. అది మీకే తెలియాలి, నాకు నిద్ర సంగతి తెలుసు అంది. ఆ మాటకు ఆమెకు రుణపడి ఉన్నాను.

మందు మార్చారు. కుదురుకోవడానికి వారాలు పట్టింది. పెద్దమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు అంబలి తెచ్చింది.

మొన్న శుక్రవారం పొద్దున ఏడు దాటినా పిల్ల నిద్రలోనే ఉంది. దీపం వెలిగించి, అలవాటుగా గంట అందుకున్నాను. మళ్లీ కింద పెట్టేశాను. హారతి మాత్రం ఇచ్చాను.