ఆరో అంతస్తు గదుల మనిషి

విహారనౌకలో ఆరో అంతస్తు గదులు సర్దే అతనికి యాభై దాటాయి. నడుం కాస్త వంగింది గానీ చేతి చురుకు తగ్గలేదు. వేలి కణుపుతో తలుపు రెండుసార్లు తట్టి, కాస్త ఆగి, "గది సర్దమంటారా?" అంటాడు. ఒకరికి ఇంకో దిండు కావాలి, ఒకరికి ఐసుముక్కలు కావాలి, మరొకరికి అల్మారా తలుపు కిర్రుమనకూడదు. ఎవరేమడిగినా అతని నోట వచ్చేది "అలాగేనండి" అన్న మాటే. బక్షీసు ఇస్తే చూడకుండా జేబులో వేసుకుంటాడు. ఇవ్వకపోయినా ముఖం మారదు.

చివరి గదిలో ఒంటరిగా దిగిన పెద్దావిడ వారంగా అతనిచేత మందుసీసా మూత తీయించుకుంటోంది, కళ్లజోడు వెతికించుకుంటోంది. ఓడ తిరిగి రేవు చేరిన ఉదయం పెట్టె దించడానికి వెళితే ఆవిడ మంచం మీంచి లేవలేదు. నోట్లతో ఉబ్బిన కవరొకటి అతని చేతిలో పెట్టింది.

"ఇదంతా నువ్వే ఉంచుకో నాయనా. ఇంకో వారం నన్నీ గదిలో ఉండనిమ్మని మీవాళ్లకి చెప్పు. కింద మా తమ్ముడు కారు తెచ్చుంటాడు. ఇటు నుంచి ఇటే వృద్ధాశ్రమంలో దింపేస్తాడు."

అలవాటు కొద్దీ తల ఊపబోయి ఆగిపోయాడు.

"మధ్యాహ్నానికి ఈ గదికి వేరేవాళ్లు వస్తారమ్మా. నా చేతిలో ఏం లేదు."

"మరి దిండు అడిగితే వెంటనే తెచ్చావు కదా," అంది ఆవిడ, నిజంగానే అర్థంకాక.

అతను కవరు తీసి ఆవిడ సంచిలో పెట్టేశాడు. అందరూ దిగాలని మైకులో చెబుతున్నారు. అతను నేల మీద కూర్చుని ఆవిడ బూట్ల తాళ్లు కట్టాడు. ముడి బాగానే పడింది. అయినా విప్పి, మళ్లీ మొదటి నుంచి, మెల్లగా కట్టసాగాడు.